రసీదు లేకుండా కొట్లోంచి బయటికి రాని పిల్లాడు

పోయిన వేసవిలో మా అబ్బాయి కారు శుభ్రం చేస్తుంటే ముందు సీటుకి ఎదురుగా ఉండే అరలో పదకొండు చూయింగ్ గమ్ ప్యాకెట్లు దొరికాయి. ఒక్కటీ విప్పలేదు. ఒక్కో ప్యాకెట్‌కి కొట్లో ఇచ్చిన రసీదు చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి ఉంది. మా వాడికి గమ్ నమిలే అలవాటు లేదు. "ఏంట్రా ఇవి?" అంటే "నావి కాదమ్మా, వాడివి" అన్నాడు.

వాడంటే మా పక్కింటి అబ్బాయి. అప్పటికి ఇద్దరికీ పదిహేడేళ్ళు. వాడు ఆరడుగుల రెండంగుళాల పొడుగు, మీసం మాత్రం ఇంకా సరిగ్గా రాలేదు. నల్లజాతి కుటుంబం. ఆరో తరగతి నుంచి ఇద్దరూ ఒకే బస్సులో స్కూలుకి వెళ్ళారు, ఇప్పుడు ఒకే కారులో తిరుగుతున్నారు.

"ఏమీ కొనకుండా కొట్లోంచి బయటికి రాకూడదని వాళ్ళమ్మ రూలు, దొంగతనం చేశాడనుకుంటారని. ఊరికే చూద్దామని వెళ్ళినా సరే, వచ్చేటప్పుడు ఒక గమ్ ప్యాకెట్ కొంటాడు. రసీదు జేబులో పెట్టుకోడు, తలుపు దాటేదాకా చేత్తో పట్టుకునే ఉంటాడు." ఎండాకాలం కాబట్టి మంచినీళ్ళ సీసా తీసుకెళ్తాం అన్నంత మామూలుగా చెప్పాడు మా వాడు.

"మరి నువ్వు?"

"నేనెందుకు కొంటాను?"

అన్నాక వాడే ఒక్క క్షణం ఆగి నా వైపు చూశాడు. ఇద్దరూ వెళ్ళేది ఒకే కొట్టుకి. ఇద్దరి జేబుల్లోనూ ఉండేది అమ్మానాన్నలు ఇచ్చిన డబ్బే. ఒకడికి ఖాళీ చేతులతో బయటికి రావడం అసలు ఆలోచించాల్సిన విషయమే కాదు. ఇంకొకడు దానికి ప్రతిసారీ డాలరున్నర కడుతున్నాడు.

ఇది రాయడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఇది నా కష్టం కాదు, నేను పక్కనుంచి చూసింది. అందుకే పక్కింటావిడని అడిగాను. "రాయండి, పేర్లు మాత్రం వద్దు" అన్నారావిడ. రాశాక ఆవిడకి సంబంధించిన భాగాలు ఇంగ్లీషులో చదివి వినిపించాను కూడా.

మేముండేది నార్త్ కరొలైనాలో, రాలీ పక్కనున్న మోరిస్‌విల్‌లో. మనవాళ్ళు చాలామంది ఉన్న ఊరు. సంక్రాంతికి మా వీధిలో ఆరేడు వాకిళ్ళలో ముగ్గులు కనిపిస్తాయి. ఆవిడ 2018లో ఇక్కడ ఇల్లు కొనుక్కున్నారు. ఒక పెద్దాసుపత్రిలో నర్సుల సూపర్‌వైజరు. వాళ్ళబ్బాయి మా ఇంట్లో పప్పుచారు తింటూ పెరిగాడనే చెప్పాలి. భోజనం అవగానే కంచం సింకు దగ్గరికి తీసుకెళ్ళి, కడిగి, తుడిచి, బోర్లించి, "థాంక్యూ మేమ్" అని అప్పుడు బయటికి వెళ్తాడు. మంచినీళ్ళు కావాలన్నా అడుగుతాడు, తనంతట తాను ఫ్రిజ్ తెరవడు. సోఫాలో వెనక్కి వాలడు, అంచున కూర్చుంటాడు.

2022లో మా అమ్మ ఏలూరు నుంచి వచ్చి ఆరునెలలు ఉంది. రోజూ ఈ కంచం సంగతి చూసి మురిసిపోయేది. ఒకరోజు వాడు పక్కనుండగానే నాతో అంది: "ఎంత బుద్ధిమంతుడే! నీ కొడుకు ఏనాడైనా కంచం తీశాడా? అసలు వాళ్ళలా లేడే వీడు." తన గురించే అంటోందని వాడికి అర్థమై, గ్రాండ్‌మా ఏమంటున్నారని అడిగాడు. మొదటి సగం ఇంగ్లీషులో చెప్పాను. రెండో సగం మింగేశాను. వాడు లేచి నిలబడి మా అమ్మకి థాంక్స్ చెప్పాడు.

మా అమ్మని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆమె ప్రేమగానే అంది. అదే మాట ఇన్నేళ్ళలో నేనూ చాలాసార్లు అన్నాను. ఆఫీసులో కొత్త మేనేజరు వస్తే, "నల్లజాతి ఆయనే కానీ చాలా పద్ధతిగా మాట్లాడతారు" అని ఇంటికొచ్చి చెప్పిన రోజు నాకు గుర్తుంది. ఆ 'కానీ' నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో కూడా గుర్తుంది. 'వాళ్ళు' ఎలా ఉంటారో నేను ముందే అనుకుని పెట్టుకున్నాను. తాను అలా కాదని రుజువు చేసుకోవాల్సిన పని ఆయన మీద పడింది. నేను అనుకున్నదానికి ఖర్చు ఆయన పెట్టుకున్నారు. పైగా ఆయన బాగా పెట్టుకున్నారని నేను మెచ్చుకున్నాను.

గమ్ ప్యాకెట్లు దొరికిన వారంలోనే పక్కింటావిడతో మాట్లాడాను. సాయంత్రం వాళ్ళింటి వరండాలో కూర్చున్నాం. రూళ్ళు ఒక్కటొక్కటే చెప్పారు. కొట్లో చేతులు జేబుల్లో పెట్టకూడదు. స్వెటర్ టోపీ తల మీదికి లాక్కోకూడదు, చలేసినా సరే. చీకటి పడ్డాక చేతిలో ఏదైనా పట్టుకుని పరిగెత్తకూడదు. పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీద పెట్టాలి, లైసెన్సు తీసే ముందు "తీస్తున్నాను సార్" అని చెప్పి తీయాలి. స్నేహితుడి ఇంట్లో కంచం కడగాలి, ఫ్రిజ్ తెరవకూడదు. "మీ ఇంట్లో ఎవరూ ఏమీ అనరని నాకు తెలుసు. కానీ ఈ ఇంట్లో ఒకలా, ఆ ఇంట్లో ఒకలా అని నేర్పలేను కదా. ఎక్కడైనా ఒకేలా ఉండాలని నేర్పాను" అన్నారు.

ఆవిడకి అవి వాళ్ళ నాన్న నేర్పారట. ఆయనకి వాళ్ళమ్మ. రెట్టింపు కష్టపడితేనే మిగతావాళ్ళకి దక్కేదాంట్లో సగం దక్కుతుంది అనే మాట నల్లజాతి ఇళ్ళల్లో వినని పిల్లలుండరని ఆవిడ అన్నారు. 2013లో అట్లాంటాలో నల్లజాతి కుర్రాళ్ళు చదివే మోర్‌హౌస్ కాలేజీ పట్టభద్రులతో ఒబామా కూడా దాదాపు ఇదే అన్నారు: మీలో ప్రతి ఒక్కరికీ ఒక నాయనమ్మో మేనమామో ఈ మాట చెప్పే ఉంటారని. ఆయన అప్పటికి రెండోసారి అధ్యక్షుడు. ఆ కుర్చీలో కూర్చున్నాక కూడా కుర్రాళ్ళకి చెప్పాల్సి వచ్చిన మాట అది.

పిల్లల రూళ్ళ గురించి మాట్లాడినంతసేపూ ఆవిడ స్థిరంగానే ఉన్నారు. తన ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు మారింది. ఒక చిన్న డాక్టరు అందరి ముందు ఆవిడ మీద అరిచాడట. తెల్ల నర్సయితే తిరిగి అరిచేది, సాయంత్రానికి ఇద్దరూ మర్చిపోయేవారు. ఆవిడ లోపల పది లెక్కపెట్టుకుని, గొంతు తగ్గించి, మొహం మీద నవ్వు చెదరకుండా జవాబు చెప్పారు. నల్లజాతి ఆడవాళ్ళకి కోపం ఎక్కువ అనే ముద్ర ఒకటి ముందే సిద్ధంగా ఉంటుంది. ఒక్కసారి గొంతు లేస్తే ఇరవై రెండేళ్ళ సర్వీసు వెనక్కి పోయి ఆ ముద్ర ముందుకొస్తుంది. "ఇంటికి వచ్చాక కారు గరాజ్‌లో పెట్టి, ఇంజను ఆపి, ఇరవై నిమిషాలు అందులోనే కూర్చున్నాను. లోపలికి ఆ మొహంతో వెళ్తే పిల్లాడు చూస్తాడు" అన్నారు. ఆ ఇరవై నిమిషాలు ఏ జీతం స్లిప్పులోనూ కనిపించవు.

మా ఊరికి గంటా గంటంపావు దూరంలో గ్రీన్స్‌బరో ఉంది. పోయిన అక్టోబరులో రెండు కుటుంబాలం కలిసి అక్కడి పౌరహక్కుల మ్యూజియం చూడటానికి వెళ్ళాం. అది ఒకప్పటి ఉల్‌వర్త్ దుకాణం. 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి కాలేజీ కుర్రాళ్ళు, మొదటి ఏడాది విద్యార్థులు, ఆ కొట్లోని భోజనాల కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. తెల్లవాళ్ళకి మాత్రమే కూర్చునే వీలున్న కౌంటర్ అది. కాఫీ ఇవ్వలేదు. కొట్టు మూసేదాకా వాళ్ళు లేవలేదు. మర్నాడు ఇంకొందరు వచ్చారు, ఆ తర్వాత వందల మంది వచ్చారు. జూలై 25న ఆ కౌంటర్‌లో నల్లవాళ్ళకి మొదటిసారి వడ్డించారు. ఎజెల్ బ్లెయిర్, ఫ్రాంక్లిన్ మెకేన్, జోసెఫ్ మెక్‌నీల్, డేవిడ్ రిచ్‌మండ్ అనే ఆ నలుగురి పేర్లు ఇక్కడి స్కూలు పిల్లలందరికీ తెలుసు.

నాకు తెలియని సంగతి ఒకటి అక్కడ తెలిసింది. ఆ కుర్రాళ్ళు నేరుగా కౌంటర్‌కి వెళ్ళలేదు. ముందు అదే కొట్లో ఇంకో వైపు టూత్‌పేస్టులాంటి చిన్న సామాన్లు కొన్నారు. రసీదులు దాచుకున్నారు. ఇక్కడ మీకు ఇవ్వం అన్నప్పుడు, రెండడుగుల అవతల మా దగ్గర డబ్బు తీసుకున్నారుగా అని అడగడానికి. నేను ఆ పిల్లాడి వైపు చూశాను. వాడు గోడ మీది ఫొటోలు చూస్తున్నాడు. వాడి చేతిలో మ్యూజియం టికెట్ రసీదు ఉంది, నాలుగు మడతలు పెట్టి, వేళ్ళ మధ్య.

ఆ నలుగురిదీ రసీదే, వీడిదీ రసీదే. వాళ్ళు దాన్ని కొట్టువాడి తప్పు చూపించడానికి వాడారు. అరవై ఐదేళ్ళ తర్వాత వీడు తన తప్పు లేదని చూపించడానికి వాడుతున్నాడు.

ఫొటోల్లో వాళ్ళ బట్టలు కూడా చూడాలి. కోట్లు, టైలు, ఒకరిది యూనిఫాం. ఆ రోజుల్లో నిరసనకి వెళ్ళే నల్లజాతి విద్యార్థులు ఆదివారం చర్చికి వేసుకునే బట్టలు వేసుకుని వెళ్ళేవారు. తెల్లవాళ్ళకి వేలెత్తి చూపించే చోటివ్వకూడదనే అలా వెళ్ళేవారేమో అని తిరుగు ప్రయాణంలో నేనేదో అన్నాను. పక్కింటావిడ నన్ను సరిదిద్దారు. "అన్నీ వాళ్ళ కోసమే అనుకోకండి. మా అమ్మ చర్చికి టోపీ పెట్టుకునేది దేవుడి కోసం, తన కోసం. వారమంతా ఎవరింట్లోనో నేల తుడిచిన మనిషి, ఆదివారం ఒక్కరోజు తనని తాను చూసుకునేది." కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆవిడే మళ్ళీ అన్నారు: "ఇబ్బంది ఏమిటంటే, ఇప్పుడు నేను ఇస్త్రీ చేసుకునేటప్పుడు ఎవరి కోసం చేస్తున్నానో నాకే తెలియడం లేదు."

ఈ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. శుభ్రంగా ఉండటం, పద్ధతిగా మాట్లాడటం, పని బాగా చేయడం ఎవరికైనా సొంతంగా ఆనందమిచ్చే సంగతులు. వాటిని కూడా రుజువు కింద మార్చేస్తే మనిషికి తనదంటూ ఏం మిగులుతుంది? ఎదుటివాళ్ళ కళ్ళతో తనని తాను చూసుకుంటూ బతకాల్సిన ఈ స్థితి గురించి నల్లజాతి మేధావి డబ్ల్యు.ఈ.బి. డుబోయిస్ 1903లోనే రాశారు. నూట ఇరవై ఏళ్ళ తర్వాత నా పక్కింట్లో ఒక ఇస్త్రీ బల్ల దగ్గర అదే ప్రశ్న నిలబడి ఉంది.

దీనికి ఇంకో కోణం కూడా ఉంది. మచ్చ లేకుండా కనిపించి తీరాలా అన్నదాని మీద నల్లజాతి వాళ్ళ మధ్యే పాత వాదం నడుస్తోంది. రోజా పార్క్స్ పేరు మనందరికీ తెలుసు, 1955 డిసెంబరు 1న మాంట్‌గమరీ బస్సులో తెల్లవాళ్ళకి సీటు వదలనన్న మనిషి. అంతకు తొమ్మిది నెలల ముందు, మార్చి 2న, అదే ఊళ్ళో క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి అదే పని చేసింది, అరెస్టయింది. నాయకులు ఆమెని ముందుకి తేలేదు. చిన్నపిల్ల, బీద ఇంటి పిల్ల, దుడుకు అనుకున్నారు. తర్వాత పెళ్ళి కాకుండా గర్భవతి కూడా అయింది. ఆమెని ముందు పెడితే పత్రికలు ఉద్యమాన్ని వదిలి ఆమె నడత గురించి రాస్తాయని భయం. ఆ భయం నిజమైనదే. పార్క్స్ మీద గౌరవం రవ్వంత కూడా తగ్గక్కర్లేదు. కానీ బస్సుల్లో నల్లవాళ్ళని వేరుగా కూర్చోబెట్టడం చెల్లదని 1956లో తీర్పు తెచ్చిన కోర్టు కేసులో వాది కాల్విన్, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు. హక్కు సాధించిన పిల్ల ఫొటోలో లేకుండా పోయింది. మచ్చలేని మనిషికే న్యాయం అడిగే అర్హత అనుకుంటే, మామూలు మనుషులంతా ఇలాగే ఫొటో బయట ఉండిపోతారు.

సరే, ఇంత కష్టపడితే ఫలితమైనా ఉంటుందా? నేను చెప్పదలచుకున్నదాంట్లో ముఖ్యమైనది ఇదే. మన ఇళ్ళల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "అంత పట్టుదలగా ఉంటే మంచిదేగా, క్రమశిక్షణ వస్తుంది, పైకొస్తారు." పైకి వచ్చినవాళ్ళు ఉన్నారు, నిజమే. కానీ లెక్క సమానంగా లేదు. బర్ట్రాండ్, ముల్లైనాథన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు బోస్టన్, చికాగో నగరాల్లో సుమారు 5,000 ఉత్తుత్తి రెజ్యూమెలు పంపి చూశారు. 2004లో అచ్చయింది ఆ పరిశోధన. రెజ్యూమె ఒకేలాంటిది, పేరు మాత్రం మార్చారు: కొన్నింటి మీద ఎమిలీ, గ్రెగ్ లాంటి తెల్లవాళ్ళ పేర్లు, కొన్నింటి మీద లకీషా, జమాల్ లాంటి నల్లవాళ్ళ పేర్లు. తెల్ల పేరుకి పది రెజ్యూమెలకి ఒక ఫోన్ వస్తే, నల్ల పేరుకి పదిహేనింటికి ఒకటి వచ్చింది. ఇది చాలామందికి తెలిసిందే. అంతగా చెప్పుకోని రెండో సంగతి ఉంది. రెజ్యూమెలో అనుభవం, అర్హతలు పెంచి పంపినప్పుడు తెల్ల పేర్లకి ఫోన్లు 30 శాతం పెరిగాయి. నల్ల పేర్లకి పెరిగింది చాలా తక్కువ. అంటే రెట్టింపు చదివినా ఆ చదువుకి దక్కే ధర రెట్టింపు కావడం లేదు. ఎంత కష్టపడ్డాడన్నది చూడకముందే పేరు దగ్గర ఆగిపోతున్నారు.

ఎంత ఎత్తుకి వెళ్ళినా ఇది పోదు. 2009 జూలైలో హార్వర్డ్ ప్రొఫెసర్ హెన్రీ లూయిస్ గేట్స్ చైనా నుంచి తిరిగొచ్చారు. ఇంటి తలుపు బిగుసుకుపోతే, డ్రైవరు సాయంతో నెట్టారు. ఎవరో పోలీసులకి ఫోన్ చేశారు. వాళ్ళు వచ్చారు, మాటా మాటా పెరిగింది, సొంత ఇంటి వరండాలో ఆయన చేతులకి బేడీలు పడ్డాయి. కేసు నాలుగైదు రోజుల్లో ఎత్తేశారు. దేశంలో పేరున్న చరిత్రకారుడు, యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చేతికర్రతో నడిచేవారు. ఇంతకన్నా ఏ రసీదు చూపించాలి?

ఇక శరీరం చెల్లించేది. మాకు అరగంట దూరంలో ఉన్న చాపెల్ హిల్ యూనివర్సిటీలో షెర్మన్ జేమ్స్ అనే ఆరోగ్య పరిశోధకుడు పనిచేసేవారు. 1970ల చివర్లో ఆయనకి జాన్ హెన్రీ మార్టిన్ అనే నల్లజాతి రైతు పరిచయమయ్యారు. 1907లో పుట్టిన మనిషి. మన పల్లెల్లో పాలికి చేసినట్టు, ఇంకొకరి పొలం దున్ని పంటలో వాటా ఇచ్చుకునే కుటుంబం. రెండో తరగతి దాటని చదువు. తనంతట తాను చదవడం, రాయడం నేర్చుకున్నారు. ఆ వాటా సాగులో అప్పు ఎప్పటికీ తీరదు, కొడుకు మీదికి పాకుతుంది. అందులోంచి బయటపడాలని, నలభై ఏళ్ళలో తీర్చే షరతు మీద అప్పు తీసుకుని 75 ఎకరాలు కొన్నారు. రాత్రనక పగలనక పనిచేసి ఆ అప్పు ఐదేళ్ళలో తీర్చేశారు.

అక్కడిదాకా వింటే మనం ఎంత సంబరంగా చెప్పుకుంటామో! మన పెద్దల కథల్లాగే ఉంటుంది. కానీ ఆయనకి అరవై నిండకముందే రక్తపోటు, కీళ్ళ వాతం వచ్చాయి. కడుపులో పుండు ముదిరి కడుపులో 40 శాతం కోసి తీసేయాల్సి వచ్చింది. ఈ రైతు పేరు కూడా, ఆవిరి యంత్రంతో పందెం వేసి గెలిచి, చేతిలో సుత్తితోనే కుప్పకూలిన జానపద కథలోని జాన్ హెన్రీ పేరే కావడం జేమ్స్‌ని కదిలించింది. ఎన్ని అడ్డంకులున్నా పంటిబిగువున నెట్టుకుపోయే ఈ స్వభావానికి ఆయన 'జాన్ హెన్రీయిజం' అని పేరు పెట్టారు. చేతిలో వనరులు లేనివాళ్ళు ఇలా ఏళ్ళ తరబడి నెట్టుకొస్తే రక్తపోటు పెరుగుతుందా అని చాలా ఏళ్ళు పరిశోధించారు. ఇది పక్కింటావిడకి చెబితే, లోపలికి వెళ్ళి తన బీపీ మాత్రల డబ్బా తెచ్చి మా మధ్యనున్న టీపాయ్ మీద పెట్టారు. ఇంకేమీ అనలేదు.

ఇప్పుడు మన సంగతి. "మనమూ పరాయి దేశంలోనే ఉన్నాం, మనమూ రెట్టింపు కష్టపడ్డాం, మనం గొడవ పెట్టామా?" అని అడిగేవాళ్ళు ఉంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. మన మీదా ముద్రలున్నాయి. కానీ లెక్కలు బాగా వస్తాయి, కష్టపడతారు, గొడవలకి పోరు అనే ముద్రలు ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు మన చేతిలో సిఫారసు ఉత్తరంలా పనిచేస్తాయి. మావాడు లెక్కల్లో తప్పితే "ఆరోజు బాలేదేమో" అంటారు. పైగా మనం ఇక్కడికి ఏరి తెచ్చినవాళ్ళం. 1946 నుంచి భారతదేశానికి ఏడాదికి వంద మంది కోటా మాత్రమే ఉండేది. 1965లో కొత్త వలస చట్టం వచ్చాకే డాక్టర్లకీ ఇంజనీర్లకీ తలుపు తెరుచుకుంది. నల్లజాతివాళ్ళు దెబ్బలు తిని సాధించిన 1964 పౌరహక్కుల చట్టం వెనకే అది వచ్చింది. వాళ్ళు తెరిచిన తలుపులోంచి లోపలికి వచ్చి, వాళ్ళకే బుద్ధులు చెప్పడం నాకిప్పుడు సిగ్గుగా ఉంది.

అలాగని ఆ భయం మనకి బొత్తిగా తెలియదనీ కాదు. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన సురేశ్‌భాయ్ పటేల్ అనే 57 ఏళ్ళ పెద్దాయన ఉదయం వీధిలో నడుస్తున్నారు. సన్నగా ఉన్న నల్లజాతి మనిషెవరో తిరుగుతున్నాడని ఎవరో పోలీసులకి ఫోన్ చేశారు. ఆయనకి ఇంగ్లీషు రాదు. పోలీసు నేలకేసి కొడితే మెడకి దెబ్బ తగిలి శరీరం కొంతమేర చచ్చుబడింది. ఆ పోలీసు మీద రెండుసార్లు విచారణ జరిగినా జ్యూరీ ఒక మాట మీదికి రాలేదు, 2016లో జడ్జి కేసు కొట్టేశారు. ఆ చలికాలం మా నాన్న ఇక్కడే ఉన్నారు. రోజూ తెల్లవారుజామున మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని వాకింగ్‌కి వెళ్ళేవారు. ఆ వార్త చూసిన మర్నాడే నేను ఆ మంకీ క్యాప్ దాచేశాను. మా ఆయన కంపెనీ పేరున్న జాకెట్ తొడిగాను. "ఎవరు కనిపించినా నవ్వి చెయ్యి ఊపండి నాన్నా, ఎవరి గరాజ్ వైపూ చూడకండి" అన్నాను. ఆయన నా మొహం చూసి, "ఎందుకమ్మా, నేనేం చేశాను?" అన్నారు.

రెండేళ్ళ తర్వాత, 2017 ఫిబ్రవరి 22న, కాన్సస్‌లోని ఒలేత్‌లో మన తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని జాతి ద్వేషంతో కాల్చి చంపారు. బయట తెలుగులో మాట్లాడొద్దు, గొంతు పెంచొద్దు, ఎవరితోనూ వాదన పెట్టుకోవద్దు అని సలహాలు మనవాళ్ళ గ్రూపుల్లో తిరిగాయి. నేను కిరాణా కొట్లో పిల్లాణ్ణి ఇంగ్లీషులో కేకలేశాను.

ఈ రెండూ పక్కింటావిడకి చెప్పాను, మా బాధ కూడా మీ బాధలాంటిదే అన్న ధోరణిలో. ఆవిడ శ్రద్ధగా విన్నారు. శ్రీనివాస్ భార్య ఎలా ఉన్నారని అడిగారు. తర్వాత మెల్లిగా, "ఎన్నాళ్ళు అలా గొంతు తగ్గించి మాట్లాడారు?" అన్నారు. ఆలోచించి, రెండు నెలలు కాబోలు అన్నాను. ఆవిడ తల ఊపారు. మేం రెండు నెలలకే తీసి పక్కన పెట్టినదాన్ని ఆవిడ యాభై ఏళ్ళుగా మోస్తున్నారు. అలబామాలో ఆ పెద్దాయన మీద పడింది కూడా భారతీయుడి మీద అనుమానం కాదు. నల్లవాడనుకుని పడిన అనుమానం.

ఇంకో మాట. ఈ 'కానీ' మనం అమెరికా వచ్చి నేర్చుకున్నది కాదు. "పిల్ల నలుపే కానీ కళగల మొహం" అనే వాక్యం నా చిన్నప్పటినుంచి నా గురించే విన్నాను. రంగు తక్కువ కాబట్టి సంగీతం నేర్పించారు, కుట్లు నేర్పించారు, ఫస్టు ర్యాంకు రావాలన్నారు. నాకు సంగీతం ఇష్టమో కాదో ఇప్పటికీ సరిగా చెప్పలేను. దాని బరువు వేరు, ఇక్కడి బరువు వేరు, రెంటినీ ఒక తక్కెట్లో పెట్టను. అంతకన్నా దగ్గరి పోలిక కులంలో ఉంది. మా ఇంజనీరింగ్ క్లాసులో రిజర్వేషన్ సీటులో చేరిన అమ్మాయి ఒకతె నాలుగేళ్ళలో ఒక్క డౌటు అడగలేదు. బిడియం అనుకున్నాను. ఇరవై ఏళ్ళ తర్వాత ఫోన్లో చెప్పింది: డౌటు అడిగితే "అందుకే కోటా" అంటారని, రాత్రంతా కూర్చుని తనే తెలుసుకునేదట. అంటారని ఊహించుకోవడం కాదు, మేం అనుకుంటుంటే విన్నదట. అంబేడ్కర్ 1946లో డుబోయిస్‌కి ఉత్తరం రాసి, మీ స్థితికీ మా అంటరానివాళ్ళ స్థితికీ చాలా పోలిక ఉందన్నారంటే ఆయనకి ఇదంతా బాగా తెలుసు. ఇప్పుడు ఇక్కడ మనవాళ్ళ కబుర్లలో, ఒక నల్లజాతి మనిషికి పెద్ద ఉద్యోగం రాగానే "కోటాలో వచ్చిందిలే" అనే మాట వినిపిస్తే, మా క్లాసు వెనక బెంచీలే గుర్తొస్తున్నాయి నాకు.

పక్కింటావిడ పెట్టిన రూళ్ళని నేను విమర్శించను. "ఇది న్యాయం కాదని నాకు తెలుసు. కానీ నాకు న్యాయం కన్నా ముందు పిల్లాడు ఇంటికి రావాలి" అన్నారావిడ. తల్లిగా దానికి నా దగ్గర జవాబు లేదు. రూళ్ళు మానేయమని ఆవిడకి చెప్పే అర్హత కూడా లేదు. మానాల్సినవాళ్ళం చూసేవాళ్ళం. ఆ పిల్లాడు కంచం కడిగితే బుద్ధిమంతుడనీ, కడగకపోతే "చూశావా" అనీ అనుకునే ఇల్లు మా ఇల్లు కాకూడదు. మా వాడికి ఉన్న బద్ధకం, మరపు, చిరాకు వాడికీ ఉండే హక్కుంది. అందుకని మా అమ్మతో ఫోన్లో గట్టిగానే మాట్లాడాను. ఆమె కాసేపు ఊరుకుని, "నేను మంచిగానే అన్నానే" అంది. "మంచిగానే అన్నావమ్మా, ఆ మంచి మాటలోనే ఉంది తప్పు" అన్నాను. పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ తర్వాత ఫోన్ చేసినప్పుడు వాడి గురించి అడుగుతూ, "ఆ పిల్లాడు బాగున్నాడా?" అని మాత్రమే అంది.

మొన్న మార్చిలో ఒక శనివారం, పరీక్షలకి రెండు రాత్రులు మేలుకుని ఇద్దరూ మధ్యాహ్నం మా ఇంటికి వచ్చిపడ్డారు. అన్నం, పప్పు, బెండకాయ వేపుడు పెట్టాను. నేను బట్టలు మడతపెట్టి కిందికి వచ్చేసరికి మా వాడు నేలమీద, వాడు సోఫాలో. వెనక్కి పూర్తిగా వాలిపోయి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఒక సాక్సు కాలికుంది, ఒకటి కింద పడి ఉంది. తిన్న కంచం బల్లమీదే ఉంది, అంచున పప్పు ఎండిపోయి, పక్కన తినకుండా తోసేసిన నాలుగు బెండకాయ ముక్కలు.

అలికిడికి మా వాడు కళ్ళు తెరిచి, వాణ్ణి లేపబోయాడు. వద్దని సైగ చేశాను. ఆ కంచం తీసుకెళ్ళి నేనే కడిగాను.